అవునప్పా

మొదటి మాట. పౌర్ణమి మర్నాడు.

ఇదిగో చెవీ, వింటున్నావా? దీపం వెలిగింది గనక వింటున్నావనే అనుకుంటాను. మాటలు పట్టి దాచుకునే పెట్టెవట, ఉట్టి పక్కన నిన్ను వేలాడదీసి పోయాడు ప్రభుత్వ ప్లీడరు వల్లభరావు. రోజూ సాయంత్రం నీతో మాట్లాడాలట. ఏం మాట్లాడాలి బాబూ అంటే, "మీ ఇంట్లో మనిషి ఏం చేశాడో, ఏమన్నాడో చెప్పండి రత్నమ్మ గారూ, చాలు" అన్నాడు.

మా ఇంట్లో మనిషట! మా ఇంట్లో మనిషి ఎర్రయ్య. ఎనిమిదేళ్ళ కిందట మంచినీళ్ళ మర పేలినప్పుడు పోయాడు. ఉప్పునీళ్ళు తోడి మంచినీళ్ళు చేసే ఆ మరలో కవాటాలు తిప్పేవాడు. శవం దొరకలేదు. ఒక చెప్పు దొరికింది, అదీ పక్కవాళ్ళ ఇల్లు తేలే పీపాల కింద.

ఆ మర పేల్చాడని ఎవడిని పట్టుకుపోయారో, వాడినే తెచ్చి నా ఇంట్లో పెట్టారు. పేరు సూరాడ దానయ్య. మా తేలుడు పేటలోనే, పీపాల మీద వేసిన ఇళ్ళలో చివరి బల్ల మీద ఉండేవాడు, పడవ నడిపేవాడు. మర ఉత్తరదేశం వాళ్ళది, వాళ్ళ మనుషులూ పోయారు గనక వాళ్ళే పట్టుకుపోయారు. కోర్టూ లేదు, విచారణా లేదు. వాళ్ళ సముద్రంలో ఎక్కడో మంచు మధ్య జైలు. మేమంతా మంచుకొట్టు అంటాం. ఇప్పుడు దాన్ని మూసీసి, ఎవరి మనుషుల్ని వాళ్ళకి పంపించీశారు.

ఇక్కడేమో చట్టం ఇంకోలా ఉంది. మంచుకొట్టులో అన్న మాట ఏదీ ఇక్కడ సాక్ష్యం కాదట. జైల్లో పెట్టడానికి లేదు, వదలడానికి ధైర్యం లేదు. అందుకని పోయినవాళ్ళ ఇంట్లోనే కాపు పెట్టారు. కడుపు మండినవాళ్ళకంటే బాగా ఎవరు కాపు కాస్తారు అని ఆ చట్టం చేసినవాళ్ళ తెలివి. వచ్చే పౌర్ణమికి కోర్టు. నేరం తేలితే బతికినన్నాళ్ళూ నడికడలి జైలు. తేలకపోతే వాడి దారిన వాడు పోతాడు.

తేలాలి. నాకు కావలసింది అదొక్కటే. మొహమాటం లేకుండా చెప్తున్నాను, రాసుకో.

చేపలు కోసే కత్తి చీరకట్టులో దోపుకున్నాను. వాడికి పీపాల పక్క మూల చూపించాను. "ఇక్కడ పడుకో, ఈ గీత దాటకు" అన్నాను. "అవునప్పా" అన్నాడు. అప్పట! ఎవడికిరా అప్పని, అక్కని నేను?

ఒక్క సంగతి. ఎర్రయ్య దినం నాడు మాత్రం నీ మీద కుండ బోర్లిస్తాను. పోయినవాడికి అన్నం పెట్టే పూట బయటి చెవి వినకూడదు, మా పేట ఆచారం. ఆడవాళ్ళం గోల పెడితే చట్టంలో కూడా కలిపారు. ప్లీడరుకి తెలుసు, నీకూ చెప్తున్నాను.

రెండో మాట.

అబద్ధాలకోరు. ఇంతకంటే ఏం చెప్పను?

పొద్దున చోడి అంబలి పెట్టి నాచు ఆరబెట్టడానికి పోయాను. వచ్చి "తాగావా?" అన్నాను. "అవునప్పా" అన్నాడు. ముంత చూస్తే నిండా అలాగే ఉంది, పైన తరక కట్టీసింది. నా చేతి తిండి తినడానికి నామోషీ కాబోలు. మందు పెడతానని భయం కాబోలు. పెట్టాలని నాకూ లేకపోలేదు.

మధ్యాహ్నం పోటు వచ్చే వేళకి పీపాల మీద నత్తలు గోకమన్నాను. గోకాడు, పని మంచిదే, అది ఒప్పుకోవాలి. లోపలికొచ్చేటప్పుడు "బల్ల కింద తలుపు మూశావా?" అన్నాను. "అవునప్పా." మూయలేదు. నీళ్ళు తన్నుకొచ్చి నెత్తళ్ళ చేపలన్నీ తడిసిపోయాయి. వారం రోజులు ఎండబెట్టిన నెత్తళ్ళు! నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని నిలబడ్డాడు. ఎర్రటి ఎండలో నిలబడి దుప్పటి కప్పుకున్నాడు. ఒళ్ళు వేడిగా ఉందేమో, జ్వరమేమో అనుకున్నాను గాని అడగలేదు. జ్వరమొస్తే రానీ.

ఇంత చిన్నదానికి అబద్ధమాడేవాడు పెద్దదానికి ఆడడా? అయినా ఆ కళ్ళు నన్ను చూడలేదు, ఎటో పైకి చూశాయి. దొంగచూపులు.

నాలుగో మాటో, అయిదో మాటో.

ఈ రోజు ప్లీడరు వచ్చాడు.  

పీట వేశాను, కూర్చున్నాడు. నీ దీపం వైపు చూసి, వెలుగుతోందని ఖాయం చేసుకుని, దానయ్యని ఎదురుగా కూర్చోమన్నాడు. "మంచినీళ్ళ మర పేల్చింది నువ్వేనా?" అన్నాడు. అంతే. ఎలాగున్నావు, తిన్నావా అని లేదు.

దానయ్య దుప్పటి లాక్కున్నాడు. "అవును బాబూ" అన్నాడు.

నా చేతిలో అంబలి ముంత ఉంది. ఎప్పుడు విసిరానో తెలీదు. వాడి నుదుటికి తగిలి పగిలింది. "మా ఆయనేం చేశాడురా నిన్ను? నీళ్ళు తిప్పుకునే మనిషి, మీ అమ్మకి కూడా ఆయన తిప్పిన నీళ్ళే కదరా!" అని గుండెలు బాదుకున్నాను. ఎనిమిదేళ్ళూ దాచుకున్న ఏడుపు అంతా ఇవాళ ఏడ్చీశాను. వాడు నెత్తురు తుడుచుకోలేదు.

ప్లీడరు లేచాడు. "ఊరుకోండి రత్నమ్మ గారూ. మీకు న్యాయం జరిగినట్టే. పోయినవాళ్ళ ఇంట్లో, ఇంటివాళ్ళ ముందు, చెవి వినగా అన్న మాట మన కోర్టులో చెల్లుతుంది. ఆ మాటల్లో ఎవరి పేరు వస్తే వాళ్ళనీ లోపలేస్తారు. మీరు కోర్టుకొచ్చి, అవును, నా ముందే ఒప్పుకున్నాడు అంటే చాలు" అన్నాడు. మొహం వెలిగిపోతోంది. పెళ్ళి కుదిర్చినవాడిలా ఉన్నాడు.

ఆయన వెళ్ళాక నా మనసులో ఒక్కటే మెదులుతోంది. ఎలా పేల్చావు అని అడగలేదు. ఎవరు పంపారు అని అడగలేదు. ఒక ప్రశ్న, ఒక జవాబు, లేచి పోవడం. చేపల బేరం కూడా ఇంత తొందరగా తేలదు. సరే, నాకెందుకు? నాకు కావలసింది దొరికింది కదా.



ఇంకో మాట. అమావాస్య దగ్గర పడింది.

పక్క బల్ల ఎల్లమ్మొదిన పొద్దున్నే వచ్చి నా గుమ్మంలో నిలబడి అరుస్తోంది. ఆవిడ బొక్కెన పోయిందట. "ఇంకెవరు తీస్తారు రత్నం? హంతకుడిని ఇంట్లో పెట్టుకున్నావు, దొంగతనం ఒక లెక్కా?" అంది. దానయ్యని పిలిచి అడిగింది. "నా బొక్కెన నువ్వు తీశావా?"

"అవునమ్మా" అన్నాడు.

"చూశావా!" అని ఎల్లమ్మొదిన. ఎక్కడ పెట్టావంటే మాట్లాడడు. మూల అంతా వెతికాం, పీపాల మధ్య చెయ్యి పెట్టి చూశాం. లేదు. అరగంట పోయాక ఎల్లమ్మొదిన మనవరాలు పిలిచింది, బొక్కెన వాళ్ళ వలల కిందే ఉంది. వదిన సిగ్గుపడి నాలిక కరుచుకుని పోయింది.

నేను మాత్రం అక్కడే కూర్చుండిపోయాను. తియ్యని బొక్కెన తీశానని ఎవడైనా అంటాడా? తిట్లు తిని, దొంగ అనిపించుకుని?

"దానయ్యా" అన్నాను. "నా ముక్కుపుడక తీశావా?" ముక్కుపుడక నా ముక్కునే ఉంది.

"అవునప్పా."

"ఎల్లమ్మొదిన జుట్టు నువ్వే తెల్లగా చేశావా?"

"అవునప్పా."

"ఈ సముద్రంలో ఉప్పు నువ్వే కలిపావా?"

"అవునప్పా."

మొదట నవ్వొచ్చింది. తరవాత గమనించాను. ఏదడిగినా వాడు ముందు చూసేది నన్ను కాదు. నిన్ను, చెవీ. నీ దీపం చూస్తాడు, దుప్పటి పట్టుకుంటాడు, అప్పుడు అవునంటాడు. నాటకమా? కావచ్చు. ఎనిమిదేళ్ళు జైల్లో ఉన్నవాడికి నాటకాలు రావా? పిచ్చివాడిలా కనిపిస్తే వదిలేస్తారని ఎవడైనా నేర్పి ఉండొచ్చు. నేనంత తేలిగ్గా పడను.

కాని నాటకమాడేవాడైతే ప్లీడరు అడిగినప్పుడు కాదు అనేవాడు కదా?

ఆ తరవాతి మాట.

ఈ రోజు ఉపాయం మార్చాను. ప్రశ్న వెయ్యలేదు. మోకులు బిగిస్తూ, వాడి వైపు చూడకుండా, "మంచుకొట్టు సంగతి చెప్పు. నాకు వినాలనుంది" అన్నాను.  మోకు ముడేసి, విప్పి, మళ్ళీ ముడేశాడు. తరవాత మెల్లిగా మొదలెట్టాడు.

"గదిలో మనిషి రాడప్పా. పైన ఈ చెవి లాంటిదే ఉంటుంది. మన భాషే మాట్లాడుతుంది. నువ్వు చేశావా అంటుంది. లేదు అంటే గోడల్లోంచి చలి వదులుతారు. నేను మొదట్లో లేదనే అన్నాను. వేళ్ళు నల్లబడ్డాయి." చెయ్యి చూపించాడు. రెండు వేళ్ళకి కొసలు లేవు. ఇన్నాళ్ళూ పడవ మోకులో పోయాయేమో అనుకున్నాను. "అవునంటే వెచ్చగా అవుతుంది. అంబలి వస్తుంది. తరవాత ఇంకోటి అడుగుతుంది. భోజనం చేశావా అని కూడా అదే అడుగుతుంది. లేదంటే దానికీ చలే. దానికి లేదు అన్న మాట ఎక్కడా పడదు."

"ఇక్కడ చలి లేదు కదరా" అన్నాను. రా అనీశాను, ఈసారి తిట్టుగా కాదు, నోరు జారింది.

"తెలుసప్పా. ఒంటికి తెలీదు."

ఇది విన్నావా చెవీ? విన్నావు, నీ దీపం కొట్టుకుంటోంది. కోర్టులో ఇది కూడా వినిపిస్తావా? లేక ఆ ఒక్క 'అవును' మాత్రమే ఏరుకుంటావా?

నాకిప్పుడు ఇంకో సంగతి అర్థమవుతోంది, అర్థమవుతున్నకొద్దీ ఒళ్ళు మండుతోంది. వీడు ఏదడిగినా అవునంటాడని ఉత్తరదేశం వాళ్ళకి తెలుసు. మనవాళ్ళకి కాయితాల్లో చెప్పే ఉంటారు. అక్కడ అన్న 'అవును' ఇక్కడ చెల్లదు. అదే 'అవును' ఇక్కడ అనిపిస్తే చెల్లుతుంది. దానికి ఒక ఇల్లు కావాలి, ఒక విధవ కావాలి, పైన వేలాడే చెవి కావాలి. ఏడ్చేవాళ్ళుంటే ఇంకా మంచిది. నా ఏడుపు కూడా నీ లోపలే ఉంది కదూ? జడ్జీ ముందు వినిపిస్తారు కదూ?

కాపు నేను కాస్తున్నాననుకున్నాను. వీళ్ళు నన్నే కాపు కాస్తున్నారు.

ఇంకోటి. ప్లీడరు మళ్ళీ వచ్చి వెళ్ళాడు.

కోర్టులో ఎలా చెప్పాలో నేర్పడానికొచ్చాడు. చలి సంగతి చెప్పాను, బొక్కెన సంగతి చెప్పాను. "అవన్నీ మీకెందుకు రత్నమ్మ గారూ? మీ ముందు ఒప్పుకున్నాడా లేదా?" అన్నాడు.

"ఒప్పుకున్నాడు."

"అంతే చెప్పండి."

"నిజంగా వీడే చేశాడా బాబూ?" అన్నాను. నా ఎర్రయ్యని ఎవరు చంపారో నాకు కావాలి కదా.

ఆయన గడియారం చూసుకున్నాడు. "మీరు మంచివారు. జాలిపడితే నష్టం మీకే. ఇన్నేళ్ళ తరవాత ఇంకో దోషిని ఎక్కడని వెతుకుతాం?" అన్నాడు.

వెతకరట! ఆ మాట విన్నాక నాకు దానయ్య మీద అనుమానం పోలేదు గాని, వాడొక్కడి మీదే ఉండటం మానీసింది. వీడు లోపలికి పోతే మర కేసు మూసీస్తారు. వీడు చెయ్యకపోతే చేసినవాడు మా పేటలోనే ఎక్కడో అంబలి తాగుతుంటాడు.

ఎల్లమ్మొదినకి నా ఆలోచన చెప్పాను. ముక్కున వేలేసుకుంది. "ఓలమ్మో! రత్నం, నీ పేరు వస్తే నిన్నూ తీసుకుపోతారే!" అంది. తీసుకుపోనీ. ఎవరి ఉచ్చులో ఎవరు పడతారో చూద్దాం.

పౌర్ణమి. కోర్టు నుంచి వచ్చాక.

గట్టు మీదికి పడవలో పోయాం. దానయ్యని నా పక్కనే కూర్చోబెట్టారు. నేల మీద కాలు పెట్టగానే తూలాడు, పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానో అడక్కు.

జడ్జీ పెద్దావిడ, సన్నటి గొంతు. ప్లీడరు నిన్ను బల్ల మీద పెట్టి వినిపించాడు. ప్రశ్న, 'అవును బాబూ', ముంత పగలడం, నా ఏడుపు. అక్కడితో ఆపీశాడు. కోర్టులో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. చలి మాట లేదు, బొక్కెన మాట లేదు. నేననుకున్నదే.

"అమ్మా, ఇది మీ ఇంట్లో జరిగిందేనా?" అంది జడ్జమ్మ.

"జరిగింది అమ్మగారూ. కాపు కాసిన ఇంటివాళ్ళు ఒకసారి మాట్లాడొచ్చని చట్టంలో ఉందట కదా. వాడిని నేను రెండు మాటలు అడగాలి."

ప్లీడరు వద్దన్నాడు. జడ్జమ్మ అడగనీ అంది.

 "దానయ్యా, మర పేల్చే మందు నీకు ఇచ్చింది నేనేనా?" అన్నాను.

వాడు బల్ల మీద నీ దీపం చూశాడు. దుప్పటి కోసం తడుముకున్నాడు, కోర్టులోకి దుప్పటి రానివ్వలేదు. వాడి కళ్ళల్లో నీళ్ళు. అవునంటే నాకేమవుతుందో వాడికి తెలుసు. అయినా అన్నాడు.

"అవునప్పా."

హాలంతా గుసగుసలు. పోలీసాయన ఒకడు నా వైపు రెండడుగులు వేశాడు.  చెయ్యెత్తి ప్లీడరుని చూపించాను. "ఆ రోజు ఈ బాబుగారు కూడా నీ పడవలో ఉన్నారా?"

"అవునప్పా."

వల్లభరావు గారు ఎగిరి లేచారు. "అమ్మగారూ, ఇదేం విచారణ! వీడు ఏదడిగినా అవునంటాడు!"

అనీశాక ఆయనకి అర్థమైంది. 

జడ్జమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ప్లీడరు గారి మాట రాసుకోండి. ఉన్నదున్నట్టు" అంది గుమాస్తాతో. తరవాత నీ లోపలున్నదంతా మొదటినుంచీ వింటానంది. విన్నారు, మధ్యాహ్నం దాకా. నెత్తళ్ళ తిట్లతో సహా. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

తీర్పు ఇది. అక్కడి అవునూ చెల్లదు, ఇక్కడి అవునూ చెల్లదు. మర కేసు మొదటినుంచీ విచారించాలి, సాక్షుల్ని పిలిచి, అందరి ముందు. దానయ్య దోషీ కాదు, నిర్దోషీ కాదు. విచారణ అయ్యేదాకా ఉండాల్సింది ఎక్కడ అనుకున్నావు? మా ఇంట్లోనే! నువ్వు కూడా మా ఉట్టి పక్కనే. బాగుంది నా బతుకు.

చివరి మాట. ఎర్రయ్య దినం మర్నాడు.

నిన్నంతా కుండ కింద చీకట్లో కూర్చున్నావు. కోపం వచ్చిందా? రానీ.

మా ఆచారం నీకు సగమే చెప్పాను. ఆ పూట మొదటి ముద్ద ఇంటివాళ్ళు తినరు, బయటి మనిషికి పెట్టాలి. ఏటా ఎల్లమ్మొదినకి పెట్టేదాన్ని. నిన్న ఆవిడ గుమ్మంలోకొచ్చి, లోపల వాడిని చూసి, నన్ను చూసి, "నాకు ఈ ఏడు ఆకలి లేదులే" అని వెనక్కి పోయింది.

ఎర్రయ్య పీట వేసి దానయ్యని కూర్చోమన్నాను. చేప పులుసూ అన్నం పెట్టాను.  వీడే చంపి ఉంటే ఆయనకి ఏం మొహం చూపిస్తాను? చంపకపోతే వీడికి ఏం మొహం చూపిస్తాను? నిన్ను కిందికి దించి, కుండ బోర్లించి, చుట్టూ గుడ్డ చుట్టి, వచ్చి వాడి ఎదురుగా కూర్చున్నాను. "అది వినదు. చూడు, చీకటి. నువ్వూ నేనూ, ఆయనా" అన్నాను. అప్పుడు అడిగాను, ఎర్రయ్య పేరు పెట్టి.

చెప్పాడు. చాలాసేపు పట్టింది. ఆ రోజు పొద్దున్నించీ మొదలెట్టి చెప్పాడు. నేను ఏడ్చాను, వాడూ ఏడ్చాడు. పులుసు చల్లారిపోయింది. ఏం చెప్పాడో నీకు చెప్పను. ఎంత వెలిగినా చెప్పను. విచారణలో మనుషుల ముందు నిలబడి వాడే చెప్తాడు, వాళ్ళు తేల్చాలి. నేను ముందు వరసలో కూర్చుని వింటాను. ఒక్క మాట అటూ ఇటూ అయినా పట్టుకుంటాను. వాడిని పూర్తిగా నమ్మీశానని అనుకోకు. కత్తి ఇంకా నా చీరకట్టులోనే ఉంది.

ఇవాళ పొద్దున కుండ తీశాను. నీ దీపం వెలిగింది. వాడు నిన్ను చూశాడు, నువ్వు వాడిని చూశావు. నేను అంబలి ముంత చేతికిచ్చాను. ఒక గుక్క తాగాడు.

"ఉప్పు సరిపోయిందా?" అన్నాను. అలవాటుగా అడిగీశాను, అడిగాక నాలిక కరుచుకున్నాను.

వాడి చెయ్యి దుప్పటి మీదికి పోయింది. అక్కడే ఆగింది. పెదాలు కదులుతున్నాయి, మాట రావటం లేదు.  నీ దీపం వైపే చూస్తూ, ఒళ్ళంతా బిగించుకుని, అన్నాడు.

"లేదప్పా. సరిపోలేదు."

చలి రాలేదు. ఎక్కడినుంచీ రాలేదు.  తరవాత లేచి ఉప్పు డబ్బా తెచ్చి వాడి ముందు పెట్టాను.